పాతదని తెలిస్తే చాలదు, చూపించగలగాలి

రసాయన పరిశ్రమలో పేటెంటు తగాదా ఏదైనా తీసుకోండి, దాన్ని విప్పుకుంటూ పోతే చివరికి మిగిలేది ఒక్కటే ప్రశ్న: "ఇందులో కొత్తేముంది?" చూడ్డానికి చాలా తేలిక ప్రశ్న. కాని దానికి జవాబు చెప్పడానికే కోర్టుల్లో ఏళ్ళూ పూళ్ళూ పడుతున్నాయి, కోట్ల డాలర్లు ఖర్చవుతున్నాయి. ఆ జవాబుని బట్టి ఒక మందు ధర నెలకి వేలల్లో ఉంటుందా, లక్షల్లో ఉంటుందా అన్నది తేలుతుంది. ఒక చిన్న ఫ్యాక్టరీ తెరిచి ఉంటుందా, మూతపడుతుందా అన్నదీ తేలుతుంది.

నేను సింగపూరులో, జురాంగ్ ద్వీపంలో ప్రాసెస్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఏడు చిన్న దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చి ఒకటిగా కలిపిన ప్రదేశం ఇది. ఎటు చూసినా డిస్టిలేషన్ కాలమ్‌లు, పైపులు, ఫ్లేర్ స్టాకులు. ఇక్కడ తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. నలుగురం కలిసినప్పుడు పిల్లల చదువులు, ఇళ్ళ అద్దెలు అయ్యాక మాట తరచు పేటెంట్ల మీదకి మళ్ళుతుంది. "మావాడికి మూడు పేటెంట్లున్నాయి", "మా ప్రాజెక్టుకి పేటెంటు వేశాం" అని గర్వంగా చెప్పుకుంటాం. తప్పులేదు. కాని పేటెంటు వెయ్యడం వేరు, పేటెంటు దక్కడం వేరు, దక్కినది కోర్టులో నిలవడం వేరు. ఈ మూడిటికీ తేడా తెలియకుండానే మనలో చాలామంది మాట్లాడేస్తున్నాం. లాయర్ల భాష వదిలేసి, ఇంజనీరుకి అర్థమయ్యే పద్ధతిలో ఈ విషయం చెప్పి, నా అభిప్రాయం కూడా చెబుదామని ఈ వ్యాసం.

మూడు పరీక్షలు

సింగపూరు పేటెంట్ల చట్టం 1994లో వచ్చి 1995 ఫిబ్రవరిలో అమలయింది. అంతకుముందు ఇక్కడ సొంత పేటెంటు విధానం లేదు. బ్రిటన్‌లో తీసుకున్న పేటెంటుని తెచ్చి ఇక్కడ నమోదు చేసుకునేవారు. కొత్త చట్టం కూడా బ్రిటిషు చట్టం అడుగుజాడల్లోనే నడుస్తుంది. దాని ప్రకారం ఏ ఆవిష్కరణైనా మూడు పరీక్షలు నెగ్గాలి. ఒకటి, అది కొత్తదై ఉండాలి. రెండు, అందులో ఇన్వెంటివ్ స్టెప్ ఉండాలి, అంటే ఆ రంగంలో పనిచేసే మామూలు నిపుణుడికి ఇట్టే తట్టేది కాకూడదు. మూడు, పరిశ్రమలో పనికి రావాలి. భారతదేశ చట్టం కూడా స్థూలంగా ఇదే అడుగుతుంది.

మూడోదానితో రసాయన ప్రక్రియలకి పేచీ ఎప్పుడూ రాదు. ఫ్యాక్టరీలో పనికి రాని ప్రక్రియకి డబ్బు తగలేసి పేటెంటు ఎవడు అడుగుతాడు? మొదటిది కూడా అంత కష్టం కాదు. పాత పుస్తకాల్లో, పాత పేటెంట్లలో అచ్చుగుద్దినట్టు అదే ప్రక్రియ లేకపోతే కొత్తదే. పాతదాంట్లో ఉష్ణోగ్రత 60 నుంచి 70 డిగ్రీలని ఉంటే, నేను 82 డిగ్రీలని రాస్తే, లెక్క ప్రకారం అది కొత్తదే! అసలు చిక్కంతా రెండోదాంతోనే. తేడా ఉంది సరే, ఆ తేడా ఎవరికైనా తట్టేదేనా కాదా?

నిపుణుడంటే ఇక్కడ నోబెల్ బహుమతి గ్రహీత కాదు. ఆ రంగంలో అందరికీ తెలిసిన విషయాలన్నీ తెలిసి, చెప్పిన పని శ్రద్ధగా చేసే సగటు మనిషి. ఊహాశక్తి తక్కువ, ఓపిక ఎక్కువ. నిజం చెప్పాలంటే రోజూ ప్లాంటులో మనం చేసే పనే అతనిది. అతను మామూలుగా ప్రయత్నించి చూసేదాన్ని ఎవరూ సొంతం చేసుకోకూడదన్నది ఈ పరీక్ష సారాంశం.

టొలుయీన్ కథ

ఒక ఉదాహరణ కల్పించి చెబుతాను. ఒక ఇంటర్మీడియెట్‌ని బెంజీన్‌లో 75 డిగ్రీల దగ్గర పది గంటలు కాచి తయారు చేస్తున్నారనుకోండి. యీల్డ్ 78 శాతం. ఇప్పుడొకాయన బెంజీన్ బదులు టొలుయీన్ వాడి, 95 డిగ్రీల దగ్గర ఆరు గంటల్లో ముగించాడు. యీల్డ్ 80 శాతం. దీనికి పేటెంటు ఇవ్వాలా?

ఇలాంటప్పుడు సింగపూరు కోర్టులు నాలుగు మెట్ల పద్ధతి ఒకటి పాటిస్తాయి. 1985లో బ్రిటన్‌లో విండ్‌సర్ఫింగ్ కేసులో రూపొందిన పద్ధతి ఇది. మొదటి మెట్టు, ఈ క్లెయిములో అసలు భావన ఏమిటో గుర్తించడం. ఇక్కడ అది సాల్వెంటు మార్పు, దానివల్ల ఉష్ణోగ్రత పెంచగలగడం. రెండో మెట్టు, ఆ తేదీనాటికి మన సగటు నిపుణుడికి ఏమేం తెలుసో చూడడం. బెంజీన్ క్యాన్సరు తెస్తుందనీ, వీలైనచోటల్లా దాని బదులు టొలుయీన్ వాడతారనీ అతనికి తెలుసు. బెంజీన్ 80 డిగ్రీలకే మరుగుతుందనీ, టొలుయీన్ 110 దాకా ఆగుతుందనీ తెలుసు. వేడి పెరిగితే రియాక్షన్ వేగం పెరుగుతుందని కాలేజీ రెండో ఏడులోనే చదువుకున్నాడు. మూడో మెట్టు, పాతదానికీ కొత్తదానికీ తేడా ఏమిటో చూడడం. నాలుగోది, ఆవిష్కరణ సంగతి తెలియదనుకుని, ఆ తేడా అతనికి సహజంగా తట్టేదా అని అడగడం. ఇక్కడ జవాబు స్పష్టం. తట్టేదే. పేటెంటు రాకూడదు.

కాని కథని కొంచెం మార్చి చూడండి. మామూలుగా వేడి పెంచితే మలినాలు పెరుగుతాయి. ఈ ప్రక్రియలో 95 డిగ్రీల దగ్గర, రోజూ వేధించే ఒక మలినం పూర్తిగా మాయమైపోయిందనుకోండి. ఇది ఎవరూ ఊహించనిది. మన సగటు నిపుణుడు వేడి పెంచడానికి భయపడేవాడు. అలాంటి భయాన్ని దాటి, అనుకోని ఫలితం చూపించినవాడికి పేటెంటు ఇవ్వడం న్యాయమే. సాల్వెంటు అదే, ఉష్ణోగ్రత అదే, ఫలితం మాత్రం వేరు. అంటే పేటెంటు అర్హత మార్పు ఎంత పెద్దదన్న దాని మీద ఆధారపడదు. ఆ మార్పు ఇచ్చిన ఫలితం ఎంత అనూహ్యమన్న దాని మీద ఆధారపడుతుంది.

"ఎంత కష్టపడ్డామో తెలుసా, రెండేళ్ళు రాత్రింబవళ్ళు పనిచేశాం" అని చాలామంది అంటారు. పాపం నిజమే. కాని చట్టానికి చెమట లెక్క లేదు. భారత సుప్రీంకోర్టు ఈ మాట 1978లోనే బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో తేల్చింది. అది రసాయనాల కేసు కాదు, లోహపు పాత్రలు తయారు చేసే పద్ధతికి సంబంధించినది. పాత పద్ధతికి చిన్న మెరుగులు దిద్దడం పనివాడి నేర్పు అవుతుందే గాని ఆవిష్కరణ కాదని ఆ తీర్పు సారం. నా దృష్టిలో ఈ విషయంలో వచ్చిన మంచి తీర్పుల్లో అదొకటి.

పెద్దవాళ్ళకీ తప్పలేదు

ఈ ప్రశ్న చిన్నాచితకా పేటెంట్లకే పరిమితం అనుకోకండి. రసాయన పరిశ్రమ చరిత్రని మలుపు తిప్పిన ప్రక్రియలు కూడా ఈ బోనెక్కినవే.

చాకలి సోడా సంగతి చూద్దాం. ఉప్పునీటిలో అమ్మోనియా కలిపి కార్బన్ డయాక్సైడ్ పంపితే సోడియం బైకార్బొనేటు అడుగున పేరుకుంటుంది. దాన్ని కాల్చితే సోడా. బెల్జియంలో ఎర్నెస్ట్ సాల్వే దీనికి 1861లో పేటెంటు తీసుకున్నాడు. తానే మొదట కనిపెట్టాననుకున్నాడు. తీరా చూస్తే ఈ రసాయన చర్యని ఫ్రాన్స్‌లో ఫ్రెనెల్ 1811లోనే గమనించాడు. కాంతి తరంగాల మీద పనిచేసిన ఆ ఫ్రెనెలే. 1838లో ఇంగ్లండులో డయర్, హెమ్మింగ్ అనే ఇద్దరు దీనికి పేటెంటు కూడా తీసుకున్నారు. ఆ తరవాత ఎందరో ప్రయత్నించి డబ్బు పోగొట్టుకున్నారు. కారణం, ఖరీదైన అమ్మోనియా గాలికి పోతూ ఉండడం.

మరి సాల్వే చేసిందేమిటి? ఎత్తయిన స్తంభంలో పైనుంచి ఉప్పునీరు దిగుతుంటే, కిందనుంచి వాయువు ఎదురెక్కేలా చేశాడు. అమ్మోనియాని సున్నంతో రాబట్టి మళ్ళీ మళ్ళీ వాడాడు. రసాయన చర్య పాతదే, దాన్ని నడిపే పద్ధతి కొత్తది. యాభై ఏళ్ళపాటు అందరి చేతా డబ్బు తినిపించిన చర్యని లాభసాటిగా నడిపించాడు. సాల్వేకి దక్కాల్సింది స్తంభం మీద హక్కే కాని చర్య మీద హక్కు కాదు. ఈ విడదీతే పేటెంటు విద్య అంతా.

రెండోది మన రైతుల యూరియాకి మూలమైన అమ్మోనియా. నత్రజని, ఉదజని కలిపి అధిక పీడనంలో అమ్మోనియా చేసే హేబర్ పద్ధతి మీద బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ పేటెంట్లు తీసుకుంది. పీడనం పెంచితే అమ్మోనియా ఎక్కువ వస్తుందని నెర్న్‌స్ట్ ముందే ప్రయోగాల్లో చూపించాడు కదా, ఇందులో కొత్తేముందని పోటీ కంపెనీ హోక్స్ట్ సవాలు చేసింది. 1912లో లైప్‌జిగ్ కోర్టులో విచారణ. విచిత్రమేమిటంటే నెర్న్‌స్ట్ స్వయంగా వచ్చి హేబర్ తరఫున సాక్ష్యం చెప్పాడు! బి.ఎ.ఎస్.ఎఫ్. అంతకుముందే ఆయనతో సలహాదారు ఒప్పందం కుదుర్చుకుంది లెండి. పేటెంటు నిలిచింది. 1913లో ఒప్పావులో ఫ్యాక్టరీ మొదలైంది. ఆ సాక్ష్యం సంగతి ఎలా ఉన్నా ఆ ఫలితం సరైనదే అంటాను. సిద్ధాంతం ప్రకారం అమ్మోనియా వస్తుందని కాగితం మీద తెలియడం వేరు. 200 అట్మాస్ఫియర్ల దగ్గర నిరంతరాయంగా నడిచే పద్ధతిని చూపడం వేరు. ఆనాటి సగటు నిపుణుడు అంత పీడనం జోలికే పోయేవాడు కాదు.

సింగపూరు నేర్చుకున్న పాఠం

ఇప్పుడు నేనున్న చోటికి వస్తాను. సింగపూరులో 2014 దాకా ఒక వింత పద్ధతి ఉండేది. పేటెంటు పరీక్షకుడు "ఇందులో కొత్తదనం లేదు, ఇన్వెంటివ్ స్టెప్ లేదు" అని నివేదిక ఇచ్చినా సరే, దరఖాస్తుదారు రుసుము కట్టి పేటెంటు తీసుకోవచ్చు! నిలిస్తే నిలుస్తుంది, కోర్టులో పోతే పోతుంది, ఆ బాధ్యత నీదే అన్నమాట. అప్పట్లో పరీక్ష కూడా ఇక్కడ జరిగేది కాదు. ఆస్ట్రియా, డెన్మార్క్, హంగరీ దేశాల పేటెంటు కార్యాలయాలకి పంపి చేయించేవారు.

చిన్న దేశం, పరీక్షకుల్ని పెట్టుకునే స్తోమత మొదట్లో లేదు, వ్యాపారానికి అడ్డం రాకూడదు అన్నది దాని వెనక ఆలోచన. అర్థం చేసుకోదగ్గదే. కాని దాని ఫలితం చూడండి. పెద్ద కంపెనీ చేతిలో పనికిమాలిన పేటెంటు ఉన్నా, దాన్ని కొట్టేయించడానికి చిన్నవాడు కోర్టుకెళ్ళాలి. లాయర్ల ఖర్చు భరించలేక చాలామంది ఆ జోలికే పోరు. అంటే కాగితం బలహీనమైనదైనా భయపెట్టడానికి సరిపోతుంది. గడ్డిబొమ్మకి ప్రాణం లేకపోయినా పిట్టలు చేలో వాలవు కదా.

2014 ఫిబ్రవరి 14 నుంచి ఇది మారింది. పరీక్షలో అన్ని అభ్యంతరాలూ తీరితేనే పేటెంటు ఇస్తున్నారు. సింగపూరు మేధోసంపత్తి కార్యాలయం సొంతంగా పరీక్షకుల్ని తయారు చేసుకుంది. 2015 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ దరఖాస్తులకి కూడా పూర్వజ్ఞానం వెతికిపెట్టే అధికారిక సంస్థగా పనిచేస్తోంది. 2020 జనవరి 1 తరవాత వేసిన దరఖాస్తులకి, విదేశాల్లో వచ్చిన పరీక్షాఫలితాన్ని చూపించి దాదాపు నేరుగా పేటెంటు పొందే దారి కూడా మూసేశారు. వ్యాపారానికి అనుకూలమని పేరున్న దేశమే ఇంత పట్టుదలగా గట్టి పరీక్ష వైపు నడిచిందంటే, పేటెంట్లు సులభంగా ఇవ్వడం వ్యాపారానికి మంచిదనే వాదనలో బలం లేదనే కదా!

మన ప్రాంతం కథ

ఇక మనవాళ్ళ సంగతి. హైదరాబాదు చుట్టూ ఉన్న బల్క్ డ్రగ్ పరిశ్రమ అంతా "ప్రక్రియ వేరైతే చాలు" అన్న సూత్రం మీద పుట్టి పెరిగింది. 1970 పేటెంట్ల చట్టం మందులకి పదార్థం మీద పేటెంటు తీసేసి, తయారు చేసే పద్ధతి మీద మాత్రమే ఉంచింది. ఆ పద్ధతి పేటెంటు కూడా గరిష్ఠంగా ఏడేళ్ళే. అంటే అదే మందుని వేరే దారిలో చేసుకోగలిగితే ఎవరూ అడ్డుకోలేరు. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో సొంత కంపెనీ పెట్టినా, హైదరాబాదులో ఎ.వి. రామారావు గారి బృందం ఎయిడ్స్ మందు జిడోవుడిన్‌కి చవకైన పద్ధతి రూపొందించినా, దాని వెనక ఉన్నది ఆ చట్టం ఇచ్చిన వెసులుబాటే. కొత్త దారులు వెతకడంలో మన కెమిస్టులు ఆరితేరిపోయారు.

2005 జనవరి 1 నుంచి పదార్థం మీద పేటెంటు తిరిగి వచ్చింది. దానితో పాటు సెక్షన్ 3(డి) కూడా మారింది. పాత పదార్థానికి కొత్త రూపం తెచ్చి, దాని గుణం మెరుగుపడిందని చూపకపోతే పేటెంటు ఇవ్వరాదని అది చెబుతుందని అందరికీ తెలుసు. కాని అదే సెక్షన్లో ప్రక్రియల గురించి ఉన్న భాగాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. తెలిసిన ప్రక్రియని ఉత్త పుణ్యానికి వాడితే అది ఆవిష్కరణ కాదు. దానివల్ల కొత్త పదార్థమైనా పుట్టాలి, లేదా కనీసం ఒక కొత్త రియాక్టెంటునైనా వాడి ఉండాలి. మన టొలుయీన్ ఉదాహరణ దీని ముందు నిలబడదు, ఎందుకంటే సాల్వెంటు రియాక్టెంటు కాదు.

రక్తక్యాన్సరు మందు గ్లీవెక్ కేసు అందరూ ఎరిగినదే. నోవార్టిస్ కంపెనీ ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటిక రూపానికి పేటెంటు అడిగింది. అభ్యంతరం చెప్పినవాళ్ళలో మన హైదరాబాదు నాట్కో కంపెనీ, క్యాన్సరు రోగుల సహాయ సంఘం ఉన్నాయి. 2006లో చెన్నై కార్యాలయం దరఖాస్తు తోసిపుచ్చింది. 2009లో అప్పీలు బోర్డు పదార్థం మీద హక్కు ఇవ్వకపోయినా, ఆ స్ఫటికాన్ని తయారు చేసే పద్ధతి మీద ఇవ్వవచ్చంది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ అప్పీలు కొట్టేసింది, నాట్కో తదితరుల అప్పీళ్ళు అంగీకరించింది. దాంతో ఆ పద్ధతి మీద హక్కు కూడా పోయింది. చాలా పత్రికలు పదార్థం గురించే రాశాయి కాని, ప్రక్రియ పేటెంటు దొడ్డిదారిగా మారకుండా ఆపడం కూడా ఈ తీర్పులో ముఖ్యమే అని నా ఉద్దేశం.

పెరటి చెట్టు సమస్య

ఇంతవరకూ చెప్పింది చట్టం సంగతి. ఇప్పుడు అసలు నొప్పి ఎక్కడుందో చెబుతాను.

జీడిమెట్లలో చిన్న యూనిట్ నడుపుతున్న పెద్దాయన ఒకరు నాకు తెలుసు. ఒకప్పుడు ఒకే ప్లాంటులో పనిచేశాం. ఆయన ఈమధ్య ఫోన్ చేసి, "ఏం తమ్ముడూ, పదేళ్ళ నుంచి మేం వండుతున్న వంటకి ఎవరో పేటెంటు అడుగుతున్నార్ట, ఇదెక్కడి న్యాయం?" అన్నారు. ప్రచురితమైన దరఖాస్తు తీసి చదివాను. ముడి పదార్థాన్ని స్ఫటికీకరణకి ముందు వేడినీళ్ళతో కడగడం, ఒక ప్రత్యేకమైన ఉష్ణోగ్రత దగ్గర సీడ్ వేయడం, అక్కణ్ణించి గంటకి ఇన్ని డిగ్రీల చొప్పున నెమ్మదిగా చల్లార్చడం. ఆయన ప్లాంటులో ఆపరేటర్లు కళ్ళు మూసుకుని చేసే పని. "ఇది ఎక్కడైనా రాశారా అన్నా?" అని అడిగాను. "రాయడమెందుకు, రోజూ చేస్తూనే ఉన్నాం కదా. బ్యాచ్ షీట్లు బీరువా నిండా ఉన్నాయి" అన్నారు.

చిక్కు అక్కడే ఉంది. బీరువాలో తాళం వేసి ఉంచిన బ్యాచ్ షీటు లోకానికి తెలిసినట్టు కాదు. పరీక్షకుడు చూసేది పేటెంట్లు, పత్రికలు, పుస్తకాలు. ఆయన జీడిమెట్లకి వచ్చి బీరువా తెరవడు. అమ్మిన సరుకు చూస్తే అందులో అణువు కనబడుతుందే గాని అది ఏ దారిన వచ్చిందో కనబడదు. మహా అయితే మిగిలిపోయిన సాల్వెంటు, మలినాల జాడ కొంత చెబుతాయి. ప్రక్రియ పేటెంట్లకి పదార్థం పేటెంట్లకి లేని ఇబ్బంది ఇదే. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలో, కొత్త పదార్థాన్నిచ్చే ప్రక్రియ విషయంలో "నేను ఆ దారిలో చెయ్యలేదు" అని నిరూపించే భారం కొన్ని సందర్భాల్లో ప్రతివాది మీద పెట్టింది కూడా అందుకే.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. పేటెంటు వ్యవహారంలో ఈ సామెత అక్షరాలా నిజమైంది. పసుపు గాయాలు మాన్పుతుందని మన ఇళ్ళల్లో తెలియనివాళ్ళు లేరు. అయినా 1995లో అమెరికాలో దానికి పేటెంటు వచ్చింది. భారత శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో సవాలు చేసింది. "మా అమ్మమ్మ చేసేది" అంటే వాళ్ళు వినరు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం వేరే దేశంలో జనం వాడుతున్నారన్నది లెక్కలోకి రాదు, అచ్చులో ఉంటేనే లెక్క. సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథాలూ, 1953లో భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం, అన్నీ కలిపి 32 ఆధారాలు చూపితే గాని 1997లో ఆ పేటెంటు రద్దు కాలేదు. అమెరికా ఆ నియమాన్ని 2013 మార్చిలో మార్చుకుంది.

వేపనూనె సంగతీ అంతే. మొక్కల బూజు తెగుళ్ళ మీద వేపనూనె వాడే పద్ధతికి ఐరోపా పేటెంటు కార్యాలయం 1994లో పేటెంటు ఇచ్చింది. వందనా శివ మొదలైనవాళ్ళు సవాలు చేశారు. భారతదేశం నుంచి ఒక పారిశ్రామికుడు వెళ్ళి, తాము అంతకుముందే పొలాల్లో ప్రయోగాలు చేశామని సాక్ష్యం చెప్పాడు. 2000లో అది రద్దయింది, 2005 మార్చిలో అప్పీలు కూడా వీగిపోయింది. మొత్తం పదకొండేళ్ళు! గెలిచాం, సరే. కాని ప్రతి చిన్న యూనిట్ తరఫునా పదకొండేళ్ళు పోరాడేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

ఏం చెయ్యాలి?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పేటెంటు తీసుకునేంత గొప్పది కాదనుకున్న ప్రతి మెరుగునీ, రహస్యంగా దాచాల్సిన అవసరం లేనప్పుడు, ప్రచురించాలి. ఒక చిన్న సాంకేతిక పత్రికలో రెండు పేజీలు చాలు. తేదీ ఉండాలి, ఎవరైనా చదవగలిగేలా ఉండాలి, చదివి చేసుకోగలిగినంత వివరం ఉండాలి. ఆ రెండు పేజీలు అచ్చయిన మరుక్షణం నుంచి ప్రపంచంలో ఎక్కడా ఎవరూ దాన్ని సొంతం చేసుకోలేరు, పరీక్షకుడు వెతికితే కనబడుతుంది. ఖర్చు పేటెంటులో వందో వంతు కూడా ఉండదు. పెద్ద కంపెనీలు ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నాయి. చేయనిది మనమే.

"మా రహస్యం పోటీవాడికి చెప్పమంటారా?" అని అడుగుతారు. సబబైన ప్రశ్నే. చిన్న యూనిట్లు బతికేదే ఆ కిటుకుల మీద. అందుకే అన్నీ చెప్పమనడం లేదు. నిజంగా మీ ఒక్కరికే తెలిసిన కిటుకు దాచుకోండి. కాని జీడిమెట్లలో నాలుగు ప్లాంట్లలో ఆపరేటర్లు మారినప్పుడల్లా చేతులు మారే కిటుకు రహస్యం ఎలా అవుతుంది? దాన్ని దాచడం వల్ల లాభం సున్నా, ప్రమాదం మాత్రం పూర్తిగా మనదే.

దాచుకున్నవాళ్ళకి కూడా కొంత రక్షణ ఉండాలి. సింగపూరు చట్టంలో 71వ సెక్షన్ ఉంది. ఎదుటివాడు దరఖాస్తు వెయ్యకముందే మీరు మంచి నమ్మకంతో అదే పని చేస్తూ ఉంటే, వాడికి పేటెంటు వచ్చినా మీ పని మీరు కొనసాగించుకోవచ్చు. వాడి పేటెంటు చెల్లుతుంది, మీ ప్లాంటూ నడుస్తుంది. భారత చట్టంలో ఇలాంటి విడి హక్కు లేదు. పేటెంటునే రద్దు చేయించాలి, లేదా లొంగిపోవాలి. వేలాది చిన్న రసాయన యూనిట్లున్న దేశానికి ఈ సెక్షన్ సింగపూరుకన్నా ఎక్కువ అవసరం. పార్లమెంటులో మన ప్రాంతపు సభ్యులు అడగాల్సిన విషయాల్లో ఇదొకటి.

భారత చట్టంలో ఉన్న మంచి కూడా చెప్పుకోవాలి. దరఖాస్తు ప్రచురితమయ్యాక, పేటెంటు ఇచ్చేలోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఇచ్చిన తరవాత కూడా సంబంధం ఉన్నవాళ్ళకి ఏడాది గడువుంది. ప్రక్రియల విషయంలో ఇంకో విశేషం ఉంది. ఆ ప్రక్రియతో చేసిన సరుకు ముందే భారతదేశంలోకి దిగుమతి అయి ఉంటే, ఆ ప్రక్రియ ఇక్కడ తెలిసినదే అని అభ్యంతరం చెప్పవచ్చు. ఇలాంటి ఆయుధాలుండీ వాడనివాళ్ళం మనం. 2024 మార్చిలో నిబంధనలు మార్చి, ముందస్తు అభ్యంతరానికి రుసుము పెట్టారు, అది విచారణకి అర్హమో కాదో మొదటే తేల్చే పద్ధతి తెచ్చారు. అడ్డుకోవడానికే అభ్యంతరాలు వేసేవాళ్ళని ఆపడానికి అంటున్నారు. అలాంటివాళ్ళు లేకపోలేదు. కాని పూర్వజ్ఞానం చూపించడానికి వచ్చినవాడు పరీక్షకుడికి ఉచితంగా సాయం చేస్తున్నాడు. అతని దగ్గర డబ్బు వసూలు చెయ్యడం నాకు సబబుగా తోచదు.

చివరిగా నాలాంటి ఇంజనీర్లకి ఒక మాట. ఇన్ని పేటెంట్లకి ఇంత బోనస్ అని ప్రకటించే సంస్థలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. సంఖ్య పెరిగినకొద్దీ నాణ్యత తగ్గుతుంది. ఆవిష్కర్తగా సంతకం పెట్టేముందు ఒక రెండు రోజులు పాత సాహిత్యం వెతకండి. ఇప్పుడు పేటెంట్ల డేటాబేసులు చాలావరకు ఉచితంగా దొరుకుతున్నాయి. వెతికినప్పుడు మీ ఆలోచన 1930లోనే ఏ జర్మనీవాడో రాసేశాడని తెలిస్తే నిరాశపడకండి. ఆ జర్మనీవాడు ఎక్కడ ఆగిపోయాడో, ఎందుకు ఆగిపోయాడో చూడండి. సాల్వేకి స్తంభం దొరికింది అలాంటి చోటే. దొరకకపోతే సంతకం పెట్టకండి. పేరుకొక పేటెంటు తగ్గినా ఫరవాలేదు, అందరిదీ అయిన జ్ఞానానికి కంచె వెయ్యడంలో మన చెయ్యి లేకుండా పోతుంది.

జీడిమెట్ల పెద్దాయన దరఖాస్తు మీద అభ్యంతరం వేశారు. స్ఫటికీకరణ గురించి పాఠ్యపుస్తకాల్లో, పాత పేటెంట్లలో దొరికినవన్నీ జతచేశారు. అది ఇంకా నడుస్తోంది. ఈలోగా ఆయన తన బ్యాచ్ షీట్లలోంచి పనికొచ్చే కిటుకులు ఏరి, ఇంగ్లీషులో రాయడానికి పక్క ఊరి కాలేజీ లెక్చరరు ఒకాయన్ని పిలిపించుకున్నారు. మొదటి వ్యాసం వడపోత ఇసుకలో మదర్ లిక్కర్ నష్టాన్ని తగ్గించడం గురించట. మీ ప్లాంటులో కూడా అలాంటివి కనీసం పది ఉంటాయి. ఈ ఆదివారం ఒకటి రాయడం మొదలుపెట్టండి.